పేము కుర్చీలో నా స్టూడెంట్

దెయ్యాలు లేవని నేను ఎవరితోనైనా వాదిస్తాను. చిన్నప్పుడు మా పిన్ని చెప్పిన కథలనే నమ్మనివాణ్ణి. అందుకే ఇది రాయడానికి కాస్త సిగ్గుగా ఉంది. అయినా జరిగింది జరిగినట్టు చెబుతాను.

బెంగళూరు శివార్లలో ఒక ఫ్లయింగ్ స్కూల్లో చేరి, విమానం నడపడం నేర్పే ఇన్‌స్ట్రక్టర్ లైసెన్సు తెచ్చుకున్నాను. ఇక్కడ ఉద్యోగం దొరకలేదు. విదేశీ స్కూళ్లకు అప్లై చేశాను. వీడియో కాల్‌లో ఇంటర్వ్యూ, అందులో ఒక పాఠం చెప్పి చూపించాలి. ప్రతిచోటా ఒకటే మాట: మీకు అన్నీ తెలుసు, కానీ ఎదుటివాడిని పట్టించుకోరు. నిజమే, నేను నోరు తెరిస్తే మూయను.

ఆ ఏడాది కూడా ఏదీ రాకపోతే బెళ్ళందూరులో మా బావ చూపించిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరతానని ఇంట్లో మాటిచ్చాను. 

అప్పుడు కాడుగోడిలో రత్నమ్మగారి మేడ మీద అద్దెకు ఉండేవాణ్ణి. మధ్యాహ్నాలు అక్కడే ప్రాక్టీసు. రెండు కుర్చీలు పక్కపక్కన వేసుకుని, విమానంలో ఉన్నట్టే పాఠం పైకి చెప్పుకోవడం మా వృత్తిలో మామూలే. కుడి కుర్చీ నాది. ఎడమది స్టూడెంట్‌ది, ఇంట్లో ముందునుంచీ ఉన్న పాత పేము కుర్చీ. కంట్రోల్స్ బదులు నా చేతిలో గరిటె, స్టూడెంట్ కుర్చీలో పప్పుగుత్తి.

కంట్రోల్స్ చేతులు మారేటప్పుడు ఒక నియమం ఉంది. ‘ఇక మీరు పట్టుకోండి’ అని నేనంటే ‘పట్టుకున్నాను’ అని స్టూడెంట్ జవాబివ్వాలి. అది వినేదాకా నేను వదలకూడదు. లేకపోతే విమానం ఎవరి చేతిలోనూ ఉండదు.

ఒకరోజు ఇంగ్లిష్‌లో చెప్పి చెప్పి విసుగొచ్చి, ఆ మాట తెలుగులో అన్నాను. పేము కుర్చీ కిర్రుమంది.

ఎండకు పేము బిగుసుకుందనుకున్నాను. ఇంగ్లిష్‌లో అన్నాను, చప్పుడు లేదు. తెలుగులో అన్నాను, కిర్రు. కుర్చీని నీడలోకి జరిపాను, ఫ్యాను ఆపాను, కాళ్ల కింద అట్టముక్కలు పెట్టాను. అదే తంతు. జవాబు కోసం ఆగకుండా పాఠం ముందుకు లాగితే మాత్రం కిర్రుకిర్రుమని ఒకటే గోల. ఇంటర్వ్యూల్లో తిట్టింది చాలక కుర్చీ కూడానా అని ముందు ఒళ్లు మండింది. భయం తర్వాత వేసింది.

కిందికి వెళ్లి అడిగితే రత్నమ్మగారు నవ్వేశారు.

“అది మా అత్త కుర్చీ అప్పా. పైన విమానం పోతే సాలు, దాన్ని ఎవరు నడుపుతా ఉండారో అని మా ప్రాణం తీస్తా ఉండె. పాపం, ఒక్కసారన్నా ఎక్కకుండానే పాయె. ఇప్పుడు ఇంట్లోనే నేర్పిస్తా ఉంటే ఊరికే ఉంటాదా?”

ఇల్లు మారదామనుకున్నాను. కానీ బెంగళూరులో ఆ అద్దెకు అలాంటి ఇల్లు దొరకడం దెయ్యం దొరకడం కన్నా కష్టం. అందుకని ఆ అత్తగారికే, అవ్వా అని పిలుస్తూ, నేర్పడం మొదలుపెట్టాను. దూరంగా నేల, ఆకాశం కలిసేచోటు చూడమన్నాను. గట్టిగా పట్టుకోవద్దన్నాను. అడగడం, ఆగడం, కిర్రుమన్నాక వదలడం. మెల్లగా అదే నాకు అలవాటైంది.

న్యూజిలాండ్‌లో ఒక చిన్న స్కూల్ నుంచి పిలుపొచ్చింది. విమానం గురించి ఏమీ తెలియని మనిషిని కూర్చోబెట్టి మీ భాషలోనే పాఠం చెప్పండి, నేను మీ తీరు చూస్తాను అన్నాడు అక్కడి పెద్దాయన. రత్నమ్మగారు కూర్చుంటానన్నారు. సరిగ్గా కాల్ మొదలయ్యేసరికి వీధిలోకి నీళ్ల ట్యాంకర్ వచ్చింది. “వస్తా ఉండప్పా” అని బిందె తీసుకుని పరుగెత్తారు.

చేసేది లేక ఖాళీ కుర్చీకే పాఠం చెప్పాను.

అయిపోయాక ఆయన తలవంచి ఏదో రాసుకున్నాడు. ఇదీ పోయిందనుకున్నాను. అప్పుడు చెప్పాడు: ఆ పెద్దావిడ భయంతో బిగపట్టుకుంటే, ఆమె చేతులు వదులయ్యేదాకా ఆగారు, నాకు కావలసింది అదే, ఉద్యోగం మీది. అని ఊరుకోక, ఆమె కళ్లజోడు దారంతో కట్టి ఉంది, విమానం ఎక్కించేముందు బాగుచేయించండి అన్నాడు.

నా స్క్రీన్ మీద కుర్చీలో పప్పుగుత్తి తప్ప ఏమీ లేదు.

బిందెతో వచ్చిన రత్నమ్మగారిని కళ్లజోడు సంగతి అడిగాను. ఆవిడ బిందె దించారు. ముఖంలో నవ్వు లేదు.

“నల్ల దారం. కొత్తది కొనిస్తామన్నా ఒప్పకపాయె. నీకెవరు చెప్పినారప్పా?”

ఉద్యోగంలో చేరిన కొత్తలో, చుట్టుపక్కల అలవాటయ్యేందుకు కుడి సీట్లో కూర్చుని ఒక్కడినే ఎగరమన్నారు. కింద పెద్ద సరస్సు, ఎండ. ఎడమ సీటు ఖాళీ. ఎందుకో నోరు ఊరుకోలేదు. “అవ్వా, ఇక మీరు పట్టుకోండి” అని, కాసేపు ఆగి చేతులు తీసేశాను.

సరిగ్గా సర్దిపెట్టిన విమానం చేతులు వదిలినా తిన్నగా పోతుంది. అది నేను రోజూ చెప్పే పాఠమే. కానీ మెల్లగా ఎడమకు తిరిగి, ఎత్తు తగ్గకుండా సరస్సు చుట్టూ ఒక రౌండు కొట్టి, మళ్లీ తిన్నగా రావడం ఏ పాఠంలోనూ లేదు. నాకు ఏడుపొచ్చింది.

గాలి అనుకుందామని చాలా ప్రయత్నించాను. పెద్దాయన స్క్రీన్ మీద ఏం చూశాడో, ఆ రోజు సరస్సు మీద ఏం జరిగిందో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. రత్నమ్మగారు మాత్రం నేను వచ్చేశాక కుర్చీ ఒక్కసారీ కిర్రుమనలేదని ఫోన్‌లో చెప్పారు. దిగే వేళయిందని ఆ రోజు “ఇక నాకివ్వండవ్వా” అని కంట్రోల్స్ అడిగాను. చాలాసేపు బతిమాలితేగానీ ఇవ్వలేదు.