గిటారుకు వొడిబియ్యం

ధర్మవరంలో అవ్వ ఇంటి నడవలో కూర్చొని గిటారు తీగలు సడలిస్తాండా. ఒక్కో మర తిప్పేకొద్దీ తీగ మూలిగి మెత్తబడతాది. బిగుతుగా వదిలేస్తే దారిలో కుదుపులకు మెడ విరిగిపోతాదని, నాకు గిటారు నేర్పిన టీచరమ్మ మద్రాసులోనే చెప్పి ఉండె.

గిటారు ఆమెదే. యుద్ధం రోజుల్లో మద్రాసు మీద బాంబులు పడతాయని ఊరంతా ఖాళీ చేస్తాంటే, ఆమె ఒక చేతిసంచితో బెంగళూరు బండెక్కింది. గిటారు మా సామాన్లలో పెట్టించింది. నాయన నన్నూ, ఆ సామాన్లనూ తీసుకొని వాళ్లమ్మ దగ్గరికి వచ్చేసినాడు. ఇప్పుడు బెంగళూరులో ఒక హోటల్లో వాయించే పని దొరికింది, గిటారు పంపమని ఆమె కబురు. చేతిలో గిటారు లేకుంటే ఆ పని ఇంకొకరికి పోతాది. అది ఆమె కూడు.

నాయన పాత మగ్గం చెక్కలతో పెట్టె కొట్టినాడు. అడుగున పట్టు తుక్కు పరిచినా. పెట్టెలో ఏదీ కదలకూడదు, అది టీచరమ్మ మాట. మెడ చుట్టూ మాత్రం మందంగా, మెత్తగా ఏదన్నా చుట్టాల. చీరలు నేసే ఇల్లే గానీ, నేసిందంతా అమ్మకానికే, ఇంట్లో చుట్టను మంచి గుడ్డ లేదు. నా పాత లంగా ఒకటి తీసినా. నీలం లంగాకు వెనక ఎర్ర అతుకు. మూత కొట్టేస్తే ఎవరు చూస్తారులే అనుకున్నా.

అవ్వ వచ్చి పక్కన కూర్చొని గిటారు నడుము మీద వేలితో రాసింది.

"ఏమే, ఇది ఆడమనిషి మాదిరే ఉండాది కదే!"

"ముట్టాకవ్వా!"

"ముడితే అరిగిపోతాదా? మద్రాసులో బువ్వకు బదులు మిరపకాయలే తింటిరా మీరు?"

నేను నీళ్లు పోసుకొని వచ్చేసరికి గిటారు బొక్కలో కూడా పట్టు తుక్కు నిండుగా కూరి ఉండాది. అవ్వ సాయం చేసింది లెమ్మని మెడకు లంగా చుట్టి, మూత వేసి, నాయన చేత మేకులు కొట్టించినా. పెట్టె ఎత్తి ఊపితే చప్పుడే లేదు. అవ్వ గడప దాకా వచ్చి, ఎందుకో పెట్టెకు దండం పెట్టింది.

చీరల మూటతో నాయన హిందూపురం పోతాండాడు, పార్సిల్ ఆడే వేద్దామన్నాడు. నాకు నమ్మకం లేక నేనూ రైలెక్కినా. పెనుకొండలో ఎక్కిన ఒకాయన పెట్టె మీద కూర్చోబోతే గట్టిగా అరిచినా.

"ఏమ్మా, లోపల మీ అత్త పండుకొనుందా?" అన్నాడాయన. డబ్బా అంతా నవ్వు. నాయన కిటికీలోంచి బయటకు చూస్తా కూర్చున్నాడు.

హిందూపురం దాటితే మైసూరు సీమ. ఆ రోజుల్లో గింజ బియ్యం కూడా హద్దు దాటనిచ్చేవాళ్లు కాదు. హిందూపురంలో దిగినాక కూలీ ఆయన పెట్టెను అడ్డంగా తలకెత్తుకున్నాడో లేదో, చెక్కల సందులోంచి సర్రుమని బియ్యం. ఆయన భుజం మీద, ఆడనుంచి ప్లాట్‌ఫారం మీద.

పార్సిల్ గుమాస్తా లేచి వచ్చినాడు. "ఏమప్పా చీరలాయనా, మైసూరుకు బియ్యం దాటిస్తాండావా?"

నాకు ఒళ్లు మండిపోయింది.

"కండ్లు పెట్టి చూడు! లోపల ఉండేది గిటారు!"

"గిటారా? ఆ రకం వడ్లు యాడ పండుతాయమ్మా?"

జనం గుమిగూడి నవ్వుతాండారు. నేను ఇంకో మాట అన్నా, ఇప్పుడు రాయలేను. గుమాస్తా మొగం మారిపోయింది. "తెరవండి పెట్టె," అన్నాడు.

మేకులు పీకి, మొదట నా లంగా తీసినాడు. అందులో బియ్యం దాచినామేమోనని రెండు వేళ్లతో పైకెత్తి దులిపినాడు. ఎర్ర అతుకు ఎండలో ఎంత ఎర్రగా కనపడిందో! వెనకాల ఎవడో, "దుడ్లు లేకుండానే నాటకం చూపిస్తాండారప్పా," అన్నాడు. నాయన తల వంచుకున్నాడు. నాకు చెవులు కాలిపోతాండాయి.

తరవాత గిటారును బోర్లించినాడు. తుక్కు వెనకాలే పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి గిన్నె, వక్కలు, తమలపాకు, ముడి విడిపోయిన రవిక గుడ్డ. అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు, అవ్వ ఏం చేసిందో.

నవ్వు ఆగిపోయింది. పూలమ్మే ముసలామె ముందుకొచ్చింది. "అయ్యో, వొడిబియ్యమప్పా ఇది! యాడికో ఆడబిడ్డను సాగనంపుతాండారు. కాలితో తొక్కద్దండి."

అందరూ కాళ్లు వెనక్కి తీసుకున్నారు. నవ్వినప్పటికంటే అప్పుడే ఎక్కువ సిగ్గేసింది. మా అవ్వ మనసును ఎవరో ప్లాట్‌ఫారం మీద పరిచి పెట్టినట్టు ఉండె.

గుమాస్తా గొంతు తగ్గించినాడు. "బియ్యం తీసేసుకోండమ్మా. పెట్టె ఈ బండికే ఎక్కిస్తా. తొందరగా కట్టండి."

నాయన భుజం మీది తువ్వాలు పరిచి బియ్యం, రవిక గుడ్డ అన్నీ ఎత్తినాడు. వొడిబియ్యం పుట్టింటికి తిరిగి తేకూడదని ఆ మూట ముసలామె చేతిలోనే పెట్టినాడు. నేను గిటారును ఊపి ఊపి మిగిలిన గింజలు రాలుస్తాండా.

"ఒక్క గింజన్నా ఉండనీ తల్లీ," అన్నాది ముసలామె.

"లోపల కొట్టుకుంటాదవ్వా," అన్నా, తల ఎత్తకుండా.

ఇంక మెడ మిగిలింది. బండి కూత వినపడతాండాది. మూటలో చీరలు అమ్మకానివి, చుట్టేదానికి వేరే గుడ్డ లేదు. లంగా నేలమీద పడుంది, అందరూ దాన్నే చూస్తాండారు. ఉత్త మెడతో పంపిస్తే బెంగళూరు చేరేలోపల విరిగిపోతాది. వంగి తీసుకున్నా. అతుకు లోపలికి పోయేటట్టు చుట్టాలని చూసినా గానీ, ఎట్లా చుట్టినా అదే పైకొచ్చింది. అట్లనే గట్టిగా ముడేసినా.

తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా అవ్వను ఏమేం అనాలో పేర్చుకుంటా వచ్చినా. ఇంటికి రాగానే నాయన జరిగిందంతా చెప్పినాడు. అవ్వ లంగా గురించి అడగలేదు, గుమాస్తా గురించి అడగలేదు.

"ముడి జారిందా?" అన్నాది.

మగ్గం మీద తెగిన పోగును అవ్వ ముడేస్తే యాడ తెగిందో ఎవరికీ కనపడదని వీధంతా చెప్పుకుంటారు. ఆమె చెరగు మొగానికి అడ్డం పెట్టుకున్నాది. "మగ్గాల వీధిలో ఎవరికీ చెప్పాకండి," అన్నాది. నేను పోయి వీధి తలుపు దగ్గరికి వేసినా.

కొన్నాళ్లకు టీచరమ్మ దగ్గరనుంచి కబురొచ్చింది. గిటారు చెక్కు చెదరలేదు, పని నిలబడింది. మెడకు చుట్టిన గుడ్డ మెత్తగా ఉండాదని రోజూ హోటలుకు గిటారును దాంట్లోనే చుట్టి తీసుకొని పోతాండాదంట.

"చూసినావా, నీ ముడి జారలే," అన్నాది అవ్వ, సంతోషంగా.

నాకు మాత్రం ఆ హోటల్లో, దీపాల కింద, అంతమంది దొరల ముందర, ఆ ఎర్ర అతుకే కనపడతాండాది.