బోడికారుకు కమాను

పోయిన మంగళవారం పొద్దున అత్తయ్య ఫోన్ చేసింది. "మీ మావయ్య వెళ్ళిపోయారే. కాఫీ తాగారు. కళ్ళజోడు మర వదులైంది, స్క్రూడ్రైవరు తెమ్మన్నారు. నేను తెచ్చేలోపలే వెళ్ళిపోయారు" అంది. ఆవిడ ఏడవలేదు. నేనే ఏడ్చాను. ఏడుస్తూ ఏడుస్తూ స్క్రూడ్రైవరు సంగతి గుర్తొచ్చి నవ్వాను కూడా. ఆ నవ్వు తప్పని నాకు అనిపించలేదు. మావయ్య ఉంటే ముందు ఆయనే నవ్వేవాడు.

ఇది చదువుతున్న మీలో చాలామందికి మా మావయ్య తెలియడు. అమ్మకు తమ్ముడు. కాలవల ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి, తూములూ లాకులూ గీస్తూనే రిటైరయ్యాడు. డెబ్భైల మధ్యలో నాకు విజయవాడ కాలేజీలో లెక్చరరు ఉద్యోగం వస్తే, మూడేళ్ళు వాళ్ళింట్లోనే ఉన్నాను. ఇంట్లో ఏ చిన్న తగాదా వచ్చినా ఆయన జేబులోంచి పెన్సిలు తీసేవాడు. "ముందు గీద్దాం, తరవాత పోట్లాడుకుందాం" అనేవాడు. గీసేసరికి సగం తగాదా పోయేది. మిగతా సగం అత్తయ్య చూసుకునేది.

ఊడే వస్తువు కంటబడితే ఊడదీయకుండా ఉండలేని మనిషి. వాళ్ళింట్లో టేబుల్ ఫ్యానుకు జాలీ ఉండేది కాదు, రేడియోకు వెనక చెక్క ఉండేది కాదు. ఇంటికెవరైనా వస్తే అత్తయ్య మంచినీళ్ళకంటే ముందు, "ఆ ఫ్యాను దగ్గర కూర్చోకండి" అని చెప్పేది. ఎందుకు మావయ్యా ఇవన్నీ అంటే, "ఊడి రానిది నాకు అర్థం కాదే" అనేవాడు.

ఇక కారు సంగతి. ఎవరో జమీందారీ వాళ్ళ షెడ్డులో కోళ్ళు గుడ్లు పెడుతున్న పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారును పాత ఇనుము కింద అమ్ముతుంటే మావయ్య కొన్నాడు. రెండే సీట్లు. పైన టాపు లేదు, వానొస్తే లాక్కునే మడత గుడ్డ మాత్రం ఉంది. రెండేళ్ళు విప్పి, బిగించి, మళ్ళీ విప్పి, చివరికి నడిపించాడు. వీధిలో అందరూ దాన్ని బోడికారు అనేవాళ్ళు. ఆ పేరంటే అత్తయ్యకు ఒళ్ళు మంట. ఆ కారెక్కి బందరు రోడ్డు మీద వెళ్ళడమంటే మాత్రం ప్రాణం.

ఒకరోజు కంకిపాడు దాటాక మలుపులో ఎదురుగా చెరకు బండి వచ్చింది. అంతకు ముందే అత్తయ్య "నెమ్మదిగా" అంది. మావయ్య వినలేదు. పక్కకు తిప్పేసరికి కారు గట్టు దిగి తలకిందులైంది. అదృష్టం, కాలవలో కాక ఇవతలి బురదలో పడ్డారు. మావయ్యకు పోయింది చెప్పుల జత ఒక్కటే. అత్తయ్యకు ఎడమ చెయ్యి విరిగింది.

కట్టు విప్పాక కూడా అత్తయ్య ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే మావయ్య ఎంతో తేలికపడేవాడు. కారు మాత్రం ఎక్కడం మానేసింది. ఆదివారం చర్చికి బయల్దేరేటప్పుడు మావయ్య కారు తలుపు తీసి పట్టుకుని నిలబడేవాడు. ఆవిడ పాటల పుస్తకం చంకన పెట్టుకుని ఆయన పక్కనుంచే నడిచి వెళ్ళి రిక్షా ఎక్కేది. ఆ రిక్షా వెనకే, రిక్షా వేగంతోనే మావయ్య ఖాళీ సీటుతో కారు నడుపుకుంటూ వచ్చేవాడు. వీధంతా చూసి నవ్వేది. నేనూ నవ్వాను. రాత్రి భోజనాల దగ్గర ఆయన ముఖం చూశాక నవ్వలేకపోయాను.

అలాంటి రోజుల్లో వన్ టౌన్‌లో పాత పుస్తకాల కుప్పలో ఆయనకొక విదేశీ మోటారు పత్రిక దొరికింది. అందులో అచ్చం మా కారులాంటి బండి. సీట్ల వెనక గుమ్మంలా వంచిన ఇనుప గొట్టం ఒకటి ఉంది. పేరు రోల్ బార్. బండి తిరగబడితే బరువంతా అది మోస్తుంది, తలలు మిగులుతాయి. మావయ్య ఆ బొమ్మ పట్టుకుని మర్నాడే ఆటోనగర్‌లో రిపేరు షెడ్డుకు వెళ్ళాలనుకున్నాడు. ఆఫీసులో పని పడి, కారు పంపించి, "మంచి గట్టి కమాను ఒకటి చేసి పెట్టండి" అని అక్కడి మేస్త్రికి కబురు మాత్రం చేశాడు.

సాయంత్రం నేనూ ఆయనా వెళ్ళేసరికి కారు ఇటుకల మీద కూర్చుని ఉంది. చక్రాలు ఓ పక్కన, కింది స్ప్రింగు పట్టీలు ఓ పక్కన పడి ఉన్నాయి. ఆటోనగర్‌లో కమాను అంటే ఆ స్ప్రింగు కట్టే.

"కమాన్లు మార్చమన్నారు కదండీ" అన్నాడు మేస్త్రి.

"నేనన్నది తల మీది కమాను మేస్త్రీ."

"తల మీద కమానేంటండీ, గుళ్ళో రథానికా?"

మావయ్య పెన్సిలు తీశాడు. అట్టముక్క మీద గీసి చూపించాక మేస్త్రి ఉత్సాహం చూడాలి. అప్పటికప్పుడు నీళ్ళ పైపు ఒకటి వంచి తెచ్చాడు. వంపు దగ్గర అది నొక్కుకుపోయింది. లారీ జాకీ కింద పెట్టి ఎత్తితే అప్పడంలా మడతపడింది. తరవాత వారమంతా వన్ టౌన్ గోడౌన్లు తిరిగి, అతుకు లేని మందపాటి ఆవిరి గొట్టం ఒకటి సంపాదించారు. దాంట్లో పొడి ఇసుక కూరి, రెండు చివర్లూ బిగించి, కొలిమిలో ఎర్రగా కాల్చి వంచాడు మేస్త్రి. ఒక్క నొక్కు పడలేదు. ఏటి ఇసుక మహిమండీ అన్నాడు.

తగాదా వచ్చింది బిగింపు దగ్గర. వెల్డింగు కొట్టేస్తే జన్మలో కదలదు, అదే గట్టి అంటాడు మేస్త్రి. ఊడదీసుకునేలా ఉండాలంటాడు మావయ్య. అది అలాగే ఉంటే వానకు గుడ్డ టాపు లాగడం కుదరదు. పైగా చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్ళయినా పెళ్ళికొడుకు ఊరేగేది ఆ కారులోనే. కమాను ఉంటే పూల పందిరి కట్టడం కుదరదు. ఈ కారణాలన్నీ నిజమే. అసలు కారణం నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

ఇంట్లో అత్తయ్యకూ తెలుసు. చారు వడ్డిస్తూ, ఆయన్ని కాదు, నన్ను అడిగింది. "ఊడేదాన్ని మీ మావయ్య ఊడదీయకుండా ఉంచుతారటే?"

మావయ్య తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు. మర్నాడు మేస్త్రి దగ్గరికి వెళ్ళి, ఊడే కమానే ఖాయం చేశాడు. కాకపోతే దాని బోల్టులు బజార్లో దొరికే ఏ పానాకూ లొంగకూడదు. వాటికి సరిపడే పానా మేస్త్రి ప్రత్యేకంగా చెయ్యాలి, ఒక్కటే చెయ్యాలి.

కమాను పెట్టి కారు ఇంటికి తెచ్చిన రోజు మేస్త్రి కూడా వచ్చాడు. మావయ్య నన్నొక తిన్నని కర్ర తెమ్మన్నాడు. నేను బూజుకర్ర పట్టుకొచ్చాను. బూజుకర్ర బయటికెందుకు పోతోందో చూడటానికి అత్తయ్య వెనకే వచ్చింది. మావయ్య కర్ర ఒక కొస కమాను మీదా, ఇంకో కొస ముందు అద్దం చట్రం మీదా ఆనించాడు.

"బండి తిరగబడితే ఈ కర్రే నేల. తల దీని కిందే ఉండాలి. నువ్వొకసారి కూర్చో, కొలత కోసం. బండి కదలదు" అన్నాడు అత్తయ్యతో.

"తాళం చెవి నాకివ్వండి" అందావిడ.

తాళం చెవి గుప్పిట్లో బిగించుకుని ఎక్కి కూర్చుంది. ఆవిడ తలకూ కర్రకూ మధ్య జానెడు ఖాళీ. మావయ్య ముఖం వెలిగిపోయింది.

"ఇప్పుడు మీరు కూర్చోండి."

ఆయన కూర్చునేసరికి కర్ర కొస కమాను మీంచి లేచిపోయింది. మనిషి పొడుగు. నాలుగు వేళ్ళు ఎక్కువయ్యాడు.

"నీ తల కిందే ఉందిగా. నీకోసమే చేయించింది" అన్నాడు మావయ్య, అదేదో చాలా చిన్న విషయమన్నట్టు.

"నా ఒక్కదానికే అయితే నేనొక్కదాన్నే వెళ్ళాలి. మీ తల కూడా కిందికి వచ్చేదాకా నేను ఎక్కను."

అన్ని నెలల్లో ఆ కారు ఎక్కడం గురించి ఆవిడ ఆయనతో నేరుగా మాట్లాడింది అదే మొదలు. మేస్త్రి దగ్గి, "కమాను పెంచాలంటే మళ్ళీ మొదట్నించీ చెయ్యాలండి. సార్ సీటు దించేద్దాం" అన్నాడు. సీటు కింద స్ప్రింగులు పీకేసి కొబ్బరి పీచు పరుపు పల్చగా పరిచారు. నూతిలో కూర్చున్నట్టుందని మావయ్య సణిగాడు. కర్ర మాత్రం కదలకుండా నిలిచింది. అప్పుడు జేబులోంచి ఆ ఒక్క పానా తీసి అత్తయ్య చేతికిచ్చాడు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, హ్యాండ్‌బ్యాగులో పడేసుకుంది.

తరవాత ఎన్ని పెళ్ళిళ్ళకు ఆ కారు వెళ్ళిందో లెక్కలేదు. వెళ్ళే ముందు కమాను విప్పేది అత్తయ్యే, తిరిగొచ్చాక బిగించేదీ అత్తయ్యే. ఒక పెళ్ళివారు, "మేడమ్ గారు ఊళ్ళో లేక బోల్టులు ఊడలేదు, పెళ్ళికొడుకును రిక్షాలో పంపామండి" అని చెప్పుకుని నవ్వారు. ఊడదీయాలని చెయ్యి దురదపెట్టే మనిషి, ఆ చెయ్యి తీసుకెళ్ళి పెళ్ళాం చేతిలో పెట్టాడు. ప్రేమ గురించి క్లాసులో చాలా పాఠాలు చెప్పాను. ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

వాళ్ళిద్దరూ మళ్ళీ కలిసి బయల్దేరిన మొదటి ఆదివారం మాత్రం నాతోనే ఉండిపోయింది. చర్చి అయ్యాక ఉయ్యూరులో అత్తయ్య చెల్లెలి ఇంటికి ప్రయాణం. ఎందుకైనా మంచిదని మేస్త్రి తన జీపులో వెనకే వస్తానన్నాడు, నేను ఆ జీపెక్కాను. కంకిపాడు దాటింది. ఆ మలుపు వచ్చింది. ముందు వెళ్తున్న కారు ఆగిపోయింది.

ఇంజను చెడిందేమోనని దిగి పరుగెత్తాను. ఇంజను ఆడుతూనే ఉంది. మావయ్య రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని పక్కనున్న బురద వంక చూస్తున్నాడు.

"ఆ రోజు నువ్వు నెమ్మదిగా అన్నావు. నేను..." అన్నాడు.

అత్తయ్య ఎదురుగా రోడ్డు వంకే చూస్తోంది.

"పోనివ్వండి" అంది.

బండినో, ఆ రోజునో. నాకు తెలియలేదు. మావయ్య ఒక్కసారి ఆవిడ ముఖంలోకి చూసి గేరు వేశాడు. నేను గట్టు మీదే నిలబడిపోయాను. రెండు వైపులా చెరకు, మధ్యలో ఆ ఇనుప కమాను, దాని కింద సరిసమానంగా రెండు తలలు. కారు ఎంత నెమ్మదిగా వెళ్తోందంటే, చెరకు గడల మోపు కట్టుకున్న ఒక సైకిలాయన గంట కొట్టి, వాళ్ళను దాటుకుని ముందుకెళ్ళిపోయాడు.