బండిలో నిలిచిన నీళ్ళు

“...తప్పు మీదని నేనెక్కడ అన్నానండీ? నీళ్ళు పోవడం లేదన్నాను. ఆ రెండూ ఒకటేనా?”

“ఒకటి కాదమ్మా. కానీ మీరు చెప్పే తీరు అలాగే ఉంది. ఇక్కణ్ణుంచి తీసుకెళ్ళినప్పుడు అన్నీ బాగానే ఉన్నాయి కదా?”

“బండికేం, శుభ్రంగా నడుస్తోంది. బాత్రూమే! నాన్నగారి పాదాలు మునిగేదాకా నీళ్ళు నిలబడిపోయాయి. ఒంటినిండా సబ్బుతో ఉన్న మనిషిని నేనొక్కదాన్నే పట్టుకుని బయటికి తెచ్చుకున్నాను. మా ఇంటి ముందు, వీధిలో వాళ్ళంతా చూస్తుండగా.”

జమాలుద్దీన్ బండి కింద వెల్లకిలా పడుకుని ఇదంతా వింటున్నాడు. అక్కణ్ణుంచి అతనికి కనిపించేవి కాళ్ళు మాత్రమే. సత్యదేవ్ తోలు చెప్పులు కదలకుండా ఉన్నాయి. కామాక్షి చెప్పులు మాత్రం ఒక్కచోట నిలవడం లేదు. కొంచెం అవతల, నీడలో, చక్రాల కుర్చీ మెట్టు మీద రెండు ముసలి పాదాలు ఉన్నాయి. ఎడమ పాదం లోపలికి తిరిగి ఉంది. అవి ఆమె తండ్రి బుల్లబ్బాయివి.

సత్యదేవ్‌ది కాకినాడ. అల్వాల్ చివర ఈ షెడ్డు తీసుకుని, పాత టెంపో వ్యాన్లు కొని, లోపల మంచాలూ పొయ్యీ అమర్చి ఊళ్ళు తిరిగేవాళ్ళకు అద్దెకిస్తున్నాడు. స్నానాల గది ఉన్న బండి ఇదే మొదటిది. దాన్ని కట్టింది జమాలుద్దీన్. ఇంకో మూడు బండ్లు లోపలంతా ఖాళీగా షెడ్డులో వరసగా నిలబడి ఉన్నాయి. వాటికి పుణె నుంచి తయారుగా వచ్చే బాత్రూములు తెప్పించాలా, ఇతని చేతే కట్టించాలా అన్నది సత్యదేవ్ ఇంకా తేల్చుకోలేదు. ఈ బండి మీద ఫిర్యాదు రాకపోతే పని మీదే భాయ్ అన్నాడు.

జమాలుద్దీన్ ఉద్యోగమంతా రైలుపెట్టెల పైపుల దగ్గరే గడిచింది. చేతులు కడుక్కునే తొట్టికి పైపు తగిలించి కిందికి దించితే నీళ్ళు పట్టాల మధ్య కంకర మీద పడేవి. అక్కడితో అతని పూచీ తీరిపోయేది. రిటైరయ్యాక కొంతకాలం రెజిమెంటల్ బజార్‌లోని ఇంట్లో ఉన్నాడు. ఊరికే కూర్చోలేక, బాగున్న నల్లాలు విప్పి మళ్ళీ బిగించేవాడు. “మంచిగున్న నల్లాలన్నీ నీ చెయ్యి పడ్డంక కారుడు షురూ చేసినయ్. జెర బయటికి పోయి ఏదన్న పని చూసుకోరాదూ” అని భార్య ఖుర్షీదా పోరుపెట్టింది. ఈ షెడ్డుకు వచ్చాక ఆమె పోరు తగ్గింది. అతనికి రాత్రిళ్ళు నిద్ర కూడా పడుతోంది.

పైపులన్నీ తడిమి చూశాడు. కారడం లేదు. ఎక్కడా నలగలేదు. రిపేరుకు దిగేముందు ఖాళీ చెయ్యాలి కాబట్టి, వాడిన నీళ్ళు పట్టే ట్యాంకుకు అడుగునున్న వాల్వు తిప్పాడు. సబ్బు వాసనతో తెల్లని నీళ్ళు మట్టిలోకి పారాయి. బయటికి పాకి, మోకాళ్ళు పట్టుకుని లేచి, బండిలోకి ఎక్కాడు.

స్నానాల గది ఒక మనిషీ ఒక కుర్చీ పట్టేంత. నేల మధ్య నీళ్ళు పోయే జాలీ. చెంబుతో నీళ్ళు పోశాడు. అవి జాలీ చుట్టూ కాసేపు తచ్చాడి, ఇష్టం లేనట్టుగా దిగాయి. జాలీ విప్పి, కింది వంపులోకి తీగ దించి తిప్పాడు. తీగ కొసకు ఏదో మెత్తగా తగిలింది. లాగితే బూడిదరంగు ముద్ద ఊడి వచ్చింది. పిండి, నూనె, వెంట్రుకలు.

తలుపు దగ్గర నిలబడి చూస్తున్న సత్యదేవ్ ముఖం ఒక్కసారిగా తేటపడింది.

“ఇదేంటమ్మా?”

కామాక్షి ముద్దను చూసింది. బయట కుర్చీలోంచి బుల్లబ్బాయి జవాబు చెప్పాడు. పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచీ ఆయన మాట నెమ్మదిగా, కూడబలుక్కున్నట్టు వస్తుంది.

“సున్నిపిండి... నాదేనండి. చిన్నప్పణ్ణుంచీ అలవాటు. కొబ్బరినూనె రాసుకుని, నలుగు పెట్టుకుంటే గానీ... తానం చేసినట్టుండదు.”

“అదీ సంగతి!” అన్నాడు సత్యదేవ్. “ఇది ఇల్లు కాదండీ పెద్దాయనా, బండి. ఇంత సన్నటి పైపులో పిండి పోస్తే బొబ్బట్లు చేసుకోవాల్సిందే గానీ నీళ్ళు ఎలా పోతాయి?”

“ఎటకారాలు వద్దండీ,” అంది కామాక్షి. కానీ ఆమె గొంతులో ఇందాకటి బిగువు లేదు.

జమాలుద్దీన్ ముద్దను పాత పేపర్లో చుట్టి, వంపు కడిగి, బకెట్టెడు నీళ్ళు ఒక్కసారిగా గుమ్మరించాడు. నీళ్ళు సుడి తిరిగి చప్పున మాయమయ్యాయి.

“మీ చేతికి తిరుగులేదు జమాల్ భాయ్,” అన్నాడు సత్యదేవ్. “ఇక పుణె వాళ్ళకు వద్దని చెప్పేస్తాను.” సెల్లు తీసుకుని గేటు వైపు నడిచాడు.

జమాలుద్దీన్ ఊపిరి పీల్చుకున్నాడు. పనిముట్లు సర్దుకుంటుంటే కిటికీలోంచి తండ్రీ కూతుళ్ళ మాటలు వినబడ్డాయి.

“నేను రాన్లే అమ్మా. మీరు ఎళ్ళండి.”

“ఇదేం మాట నాన్నా? పెద్దత్త మనవరాలి పెళ్ళి. నువ్వు రాకపోతే అత్త పీటల మీద కూర్చోనిస్తుందా పిల్లని?”

“నా బదులు అచ్చింతలు నువ్వెయ్యి.”

“సున్నిపిండి మానేస్తే సరిపోతుందిగా. సబ్బుతో చేయిస్తాను.”

“సబ్బుకీ నిలబడితే? పెళ్ళోరి వాకిట్లో... తడిగుడ్డతో నన్ను మోసుకుపోతావా? ఆళ్ళ ఇళ్ళల్లో ఎవరి చేతో తానం చేయించుకోలేకే గదా... ఈ బండి అద్దెకు మాట్లాడుకుంది. వద్దు. మారేడ్‌పల్లి ఇంటికి పోదాం పద.”

కామాక్షి సాయంత్రం బయలుదేరాలని సామానంతా సర్దుకునే వచ్చింది. అట్టపెట్టెలూ, పట్టుచీరల సంచీ బండి వెనక సీటు మీద ఉన్నాయి.

బండి ఇచ్చేయాలంటే వాల్వు మూయాలి. రోడ్డు మీద నీళ్ళు కార్చుకుంటూ పోతే పోలీసులు ఆపుతారు. జమాలుద్దీన్ మళ్ళీ కిందికి దూరి వాల్వు మీద చెయ్యి వేశాడు. ఇప్పుడే పోసిన బకెట్టు నీళ్ళు దానిలోంచి ఇంకా సన్నగా కారుతున్నాయి. అతని చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఇందాక నీళ్ళు పోయింది వాల్వు తెరిచి ఉండగా. బండి కట్టిన రోజున పరీక్షించిందీ వాల్వు తెరిచే. నీళ్ళు మట్టిలో పడితే, పోతున్నాయని కంటికి కనబడుతుంది గదా అని.

వాల్వు మూశాడు. పైకెక్కి తలుపు దగ్గరగా వేసుకుని, ఇంకో బకెట్టు పోశాడు. కాస్త నీరు దిగింది. తర్వాత ఆగింది. జాలీ లోంచి ఒక పెద్ద బుడగ గుడగుడమంటూ పైకొచ్చి పగిలింది. మరికాస్త దిగింది. మళ్ళీ ఆగింది. అతని కాలివేళ్ళ మధ్యకు నీళ్ళు చేరాయి.

ట్యాంకులో ఉన్న గాలి పోవడానికి దారి లేదు. అది పైకి వచ్చేదాకా నీళ్ళు కిందికి దిగవు. రైలుపెట్టె పైపుకు అడుగు ఎప్పుడూ తెరిచే ఉండేది. గాలి సంగతి అతను ఏనాడూ ఆలోచించాల్సిన పనిలేకపోయింది. ట్యాంకు బిగించాడు, పైపు కలిపాడు, గాలిగొట్టం పెట్టలేదు.

చీపురుతో నీళ్ళను జాలీ వైపు నెట్టసాగాడు. కిటికీలోంచి చూస్తే గేటు దగ్గర సత్యదేవ్ చెయ్యి ఊపుతూ ఫోన్లో మాట్లాడుతున్నాడు. బండిలోకి ఎవరూ తొంగిచూడలేదు. దారిలో నీళ్ళు నిలబడితే మళ్ళీ పిండి అనే అనుకుంటారు. ముసలాయన కూడా అలాగే అనుకుంటాడు. అసలు ఆయన వెళితే గదా. చివరి బుడగ పగిలేదాకా జమాలుద్దీన్ అక్కడే నిలబడ్డాడు. తర్వాత దిగి, తడికాళ్ళతోనే కుర్చీ దగ్గరికి నడిచాడు.

“పెద్దాయనా, పిండి జెర అడ్డం పడ్డది నిజమే. గని మీ పాదాలు మునిగింది దానితోని కాదు. ట్యాంకుల గాలి పోనీకె తొవ్వ పెట్టలే నేను. నా తప్పు అది.”

బుల్లబ్బాయి తలెత్తి చూశాడు. “నన్ను ఓదార్చడానికి అనట్లేదు గదా?”

“ఓదార్చనీకె నాకేం పని? లోపల్కి వచ్చి చూడుండ్రి.”

సత్యదేవ్ ఫోను చెవి దగ్గర్నుంచి దించాడు. “ఏంటి భాయ్? ఇప్పుడే చక్కగా పోయాయిగా?”

“వాల్వు తెరిచి ఉండె సాబ్.”

“మరి మనం చెక్ చేసినప్పుడు?”

“అప్పుడు సుత తెరిచే ఉండె.”

“తర్వాత మాట్లాడతానండీ” అని సత్యదేవ్ ఫోనులో చెప్పి జేబులో వేసుకున్నాడు. “ఎంతసేపు పడుతుంది?”

“చీకటి పడకముందే చేసిస్త. జెర మీరు సుత పట్టాలె.”

ట్యాంకు కింద జాకీ పెట్టి, దాన్ని మోసే ఇనుప పట్టీలు వదులు చేసి, జానెడు కిందికి దించారు. పైభాగంలో రంధ్రం వేయాలి. ప్లాస్టిక్ ట్యాంకు. డ్రిల్లు జారితే పగులుతుంది. ఇంకో ట్యాంకు షెడ్డులో లేదు. సత్యదేవ్ ఖరీదైన చొక్కాతోనే నేల మీద పడుకుని టార్చి పట్టాడు. జమాలుద్దీన్ డ్రిల్లు తీసి పక్కన పెట్టి, అరచేతులు ప్యాంటుకు తుడుచుకుని, మళ్ళీ పట్టుకున్నాడు. తెల్లటి పొట్టు ముఖం మీద రాలింది. రంధ్రం గుండ్రంగా పడింది.

దానికి రబ్బరు గొట్టం బిగించి, గోడ వెనక నుంచి పైకప్పు దాకా తీసి, వాన పడకుండా కొస వంచాడు. ట్యాంకు యథాస్థానానికి ఎత్తి పట్టీలు బిగించాడు. వాల్వు మూసి, గట్టిగా తిప్పి చూసుకున్నాడు.

“అమ్మా, నీళ్ళు నువ్వే పొయ్యి,” అన్నాడు కామాక్షితో.

“ఆగండి,” అన్నాడు బుల్లబ్బాయి. “నన్ను కూకోబెట్టి పొయ్యండి.”

ముగ్గురూ కలిసి ఆయన్ని ఎక్కించి, లోపలి కుర్చీలో కూర్చోబెట్టారు. కామాక్షి పంచె మోకాళ్ళ పైకి మడిచి, పాదాల మీద బకెట్టు వంచింది. బుల్లబ్బాయి తలవంచి తన కాలివేళ్ళనే చూస్తున్నాడు. జమాలుద్దీన్ జాలీని చూస్తున్నాడు. నీళ్ళు చుట్టూ తిరిగి దిగిపోయాయి. ఇంకో బకెట్టు. అదీ దిగిపోయింది. బుడగ రాలేదు.

“ఇంకోటి పొయ్యి,” అన్నాడు బుల్లబ్బాయి.

పోసింది. నేల తడిగా మెరుస్తోంది, నీళ్ళు లేవు.

“ఆ సబ్బుతో తానం నా వల్ల కాదు,” అన్నాడాయన కూతురితో. “పిండి డబ్బా ఇంటి దగ్గరే వదిలేశావా, తెచ్చావా?”

కామాక్షి ముఖం అవతలికి తిప్పుకుంది. “తెచ్చాను నాన్నా.”

“జాలీ మీద పల్సటి గుడ్డపీలిక ఎయ్యమ్మా,” అన్నాడు జమాలుద్దీన్. “తానం అయినంక తీసి దులుపుకుంటే సరిపోతది.”

డ్రైవరు వచ్చాడు. చక్రాల కుర్చీ మడిచి వెనక కట్టారు. బండి గేటు దాటి, మెయిన్ రోడ్డు మీది రద్దీలో కాసేపు ఇరుక్కుని, కదిలిపోయింది. దాని కిందినుంచి ఒక్క చుక్క కారలేదు. జమాలుద్దీన్ అది మలుపు తిరిగేదాకా చూసి, షెడ్డులోకి వచ్చి పనిముట్లు తుడవడం మొదలుపెట్టాడు. సత్యదేవ్ చొక్కాకు అంటిన మట్టి దులుపుకుంటూ ఖాళీ బండ్ల ముందు అటూ ఇటూ నడిచాడు. ఒకదాని తలుపు తీసి లోపలికి చూసి, మళ్ళీ వేశాడు. తర్వాత వచ్చి జమాలుద్దీన్ ఎదురుగా నిలబడ్డాడు.

“ఈ మూడింటికీ బాత్రూములు పుణె నుంచే తెప్పిస్తున్నాను, జమాల్ భాయ్,” అన్నాడు.