తీయొద్దు అని రాసిన ఫోల్డరు

మ్యాకా, విండోసా? ఈ ఒక్క ప్రశ్నతో ఆరు నెలలు ఇంట్లో అందరి బుర్రా తిన్నాను. వేలూరులో మా వెనకగది గోడలకు పాత పరుపులు కొట్టి స్టూడియో అన్నాను. పాడేవాళ్ళు పట్టుమని నలుగురు లేరు, పోజు మాత్రం ఆకాశంలో ఉండేది. మైకులో పాడిన గొంతు చెవికి కాస్త ఆలస్యంగా వినిపించేది. సెట్టింగు మారిస్తే పోయేదట. నేను మాత్రం తప్పంతా విండోస్‌దేనని తేల్చేశాను.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుండాది మీ యవ్వారం," అంది నా భార్య. నాకు ఒళ్ళు మండింది. ఆ వారమే మ్యాక్ కొన్నాను.

కొత్తదానిలో చోటు తక్కువ. పాత ల్యాప్‌టాప్ అంగడివాడికి ఇచ్చేయాలి. అందుకని పనికొచ్చే ఫోల్డర్లు మాత్రం ఎక్కిస్తూ కూర్చున్నాను. అన్నిటి పేర్లూ ఇంగ్లీషులో ఉన్నాయి, ఒక్కటి తెలుగులో ఉంది.

నాకు అప్పట్లో తెలుగు మాట్లాడటమే వచ్చు, చదువంతా తమిళ బడిలో. ఇది రాసేంత తెలుగు తర్వాత నేర్చుకున్నదే. మా శుభలేఖ ఒకవైపు తమిళం, ఒకవైపు తెలుగు. పెళ్ళికి ముందు తమిళం వైపు చూస్తూ తెలుగు చదువుతున్నట్టు నా కాబోయే భార్య ముందు గడగడా అప్పజెప్పాను. చిత్తూరు పిల్ల, పాపం నమ్మేసింది. ఆ ఫోల్డరు ఏమిటని ఆమెను అడిగితే గుట్టు బయటపడుతుంది. వంటల వీడియోలై ఉంటాయిలే అనుకున్నాను. తెరిచి చూడను కూడా లేదు, సిగ్గులేనివాణ్ణి. వదిలేశాను. అంగడివాడు పాతదాన్ని మొత్తం తుడిచి ఎవరికో అమ్మేశాడు.

నెల తర్వాత గుడియాత్తం నుంచి అమ్మ వచ్చింది. గొంతు ఆపరేషనయ్యాక ఆమెకు గుసగుస తప్ప మాట లేదు. మగ్గం పక్కన నూలు కండెలు చుడుతూ ఆమె పాడే పాటలను, ఆపరేషనుకు ముందే నా భార్య అక్కడికెళ్ళి ఆ పాత ల్యాప్‌టాప్‌లో రికార్డు చేసుకొచ్చింది.

"కొత్త పెట్టెలో నా పాట పెట్టు నాయనా," అంది అమ్మ.

వదిలేసిన ఆ తెలుగు ఫోల్డరు గుర్తొచ్చింది, అయినా వెతుకుతున్నట్టు నటించాను. నా భార్య వంగి చూసింది.

"'అత్త పాటలు, తీయొద్దు' అని తెలుగులో రాసి పెట్టినా గదా! యాడ పెట్టినారు?"

అప్పటికీ నా బుద్ధి పోనిచ్చుకోలేదు. "పాత విండోస్ పాటలు దీంట్లో రావుమా. ఇది వేరే కంపెనీ," అన్నాను.

అమ్మ నమ్మింది. కొత్త పెట్టెను చేత్తో నిమిరింది.

"పోనీలే, దాన్ని తిట్టొద్దు. ఆ పాతదాన్నే తెచ్చుకో నాయనా. దానికి నా గొంతు తెలుసు."

ఇక నావల్ల కాలేదు. "నాకు తెలుగు చదవను రాదుమా. నేనే పోగొట్టినా," అన్నాను. నా భార్య వైపు చూడలేకపోయాను.

అమ్మ ఏదో అంది, వినిపించలేదు. ఆమె నోటి దగ్గర చెవి పెట్టాను.

"మనింట్లో ఎవురికొచ్చు నాయనా? కోడల్ని అడిగింటే సరిపోయేది గదా."