వేళ్లు దాచుకోమన్న బడి

గుడివాడలో ఒక ప్రైవేటు బడిలో యూకేజీ పిల్లలకు చెప్పేదాన్ని. చేరిన మొదటి వారంలోనే ఒక సంగతి అర్థమైంది. మా పిల్లలు ఒకటి నుంచి వంద దాకా ఇంగ్లీషులో ఊపిరి తీసుకోకుండా చదివేస్తారు. 'ఆరు బలపాలు ఇవ్వమ్మా' అంటే మాత్రం దొరికినన్ని గుప్పెట్లో పట్టుకొచ్చి నా ఒళ్లో పోస్తారు. ఆరు అనేది వాళ్లకు ఒక శబ్దం, అంతే.

మా అమ్మావాళ్లది కోడూరు. వేసవిలో కొత్త చింతపండు కొట్టినప్పుడు తీసిన గింజలు సంచీడు తెచ్చుకున్నాను. సముద్రం ఒడ్డున ఏరిన గవ్వలు కొన్ని, చీపురు పుల్లల ముక్కలు కొన్ని. పుల్లలను పదేసి చొప్పున రబ్బరు బ్యాండ్లు వేసి కట్టలు కట్టించాను. పిల్లలే కట్టారు. బల్లలు గోడకు జరిపి నేల మీద కూర్చునేవాళ్లం. గింజలు పంచుకుంటూ, లాక్కుంటూ, కలుపుతూ, తీసేస్తూ రెండు నెలలు గడిపాం. కట్ట విప్పితే పది పుల్లలు, మళ్లీ కడితే ఒక పది అని తెలిసిన రోజున ఒక పిల్లాడు ఆ కట్టను పదేపదే విప్పి కట్టాడు. భోజనం గంట కొట్టినా లేవలేదు.

ఆ తరువాత యాజమాన్యం వాళ్లు లెక్కల కోసం ఒక కోఆర్డినేటర్‌ను పెట్టారు. మనిషి నెమ్మదస్తుడే, గొంతు పెంచడు. నా క్లాసు చూసి, "పిల్లలు వేళ్లూ గింజలూ చూసుకుంటే స్పీడు రాదండీ. అంతా మనసులో జరగాలి," అన్నాడు. గింజల సంచి స్టోరు గదిలోకి వెళ్లింది. మర్నాటి నుంచి లెక్కల పీరియడ్‌లో పిల్లలంతా చేతులు నడుము వెనక్కి పెట్టుకుని కూర్చోవాలని రూలు. ఐదేళ్ల పిల్లలు. ప్రిన్సిపాల్ గారు వచ్చి, "భలే డిసిప్లిన్‌గా ఉన్నారే," అని మురిసిపోయారు. నాకు మాత్రం కోపం వచ్చింది.

ఒకరోజు కోఆర్డినేటర్ ఒక పాపను లేపాడు. వాళ్లది బందరు దగ్గర చేపలు పట్టేవాళ్ల ఊరు. తల్లి గుడివాడ మార్కెట్లో చేపలు అమ్ముతుంది. పిల్ల మాట్లాడటం తక్కువ, గింజలతో ఆడేటప్పుడు మాత్రం ఎవరినీ దగ్గరికి రానిచ్చేది కాదు.

"ఐదూ మూడూ ఎంత?" అన్నాడాయన.

పాప చేతులు వెనక్కే ఉన్నాయి. తల దించుకుంది. ఆమె నల్ల బూట్ల ముందు భాగం మెల్లగా కదలడం చూశాను. లోపల కాలివేళ్లతో లెక్క పెడుతోంది. ఆయన కూడా చూశాడు.

"కాళ్లతో లెక్కపెడుతున్నావా? కాళ్లు కూడా కట్టేయమంటావా?"

క్లాసంతా నవ్వింది. ఆ నవ్వులోనే పాప "ఎనిమిది" అంది. ఆయన వినలేదు, పక్క పిల్లాడిని లేపాడు.

"సార్, ఎనిమిదని చెప్పింది," అన్నాను.

"ఎలా చెప్పిందో చూశారుగా మేడమ్. ఇప్పుడు అలవాటైతే పదో తరగతిలో కూడా బూట్లు విప్పుతుంది."

పాప నిలబడిన చోటే గౌను తడుపుకుంది. ఆయాను పిలవకుండా నేనే తీసుకెళ్లి కడిగాను. అంతసేపూ ఆ పిల్ల చేతులు ముందుకు తీయలేదు. ఆ కోపం ఈనాటికీ నాలో చల్లారలేదు, చల్లారాలని కూడా నాకు లేదు.

సాయంత్రం తల్లి వచ్చింది. గేటు దగ్గర నన్ను పక్కకు పిలిచి, "ఆ సారు అంటున్నాడు మేడమ్, మా పిల్లకి బుర్ర లేదంట. నిజమేనా? నేనూ నాలుగు దెబ్బలేశా ఇందాక," అంది.

"మీ పిల్లకి లెక్కలు వచ్చండీ. కొట్టకండి," అన్నాను. ఆమె నమ్మలేదు. సారు ఒకటి చెప్పాక టీచరమ్మ మాట ఎవరికి కావాలి?

నేరుగా ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్లి జరిగింది చెప్పాను. ఆయన ఓపికగా విని, "పేరెంట్స్ స్పీడే అడుగుతున్నారమ్మా. మీరు మరీ సెన్సిటివ్," అన్నారు.

అసలు వింత ఆ తరువాత జరిగింది. తల్లిదండ్రుల కోసం ప్రదర్శన పెట్టారు. హాల్లోకి వెళ్తే నా చింతగింజలు గాజు గిన్నెల్లో ఉన్నాయి. గవ్వలు థర్మోకోల్ మీద అతికించారు. 'ఆటపాటలతో లెక్కలు' అని పెద్ద ఫ్లెక్సీ. ఒక్కో బల్ల దగ్గర ఇద్దరేసి పిల్లలు, బట్టీ పట్టించిన ఇంగ్లీషు వాక్యం చెబుతున్నారు. ఒక పిల్లాడు గిన్నెలో చెయ్యి పెట్టబోతే కోఆర్డినేటర్, "ముట్టుకోకు, చూడ్డానికే," అన్నాడు.

నేను గిన్నెలు తీసి గింజలన్నీ నేల మీద పోశాను. చప్పుడుకు హాలంతా ఇటు తిరిగింది. "రండమ్మా, కూర్చోండి," అని నా క్లాసు పిల్లలను పిలిచాను. ముందుగా, కట్టను పదేపదే విప్పి కట్టిన పిల్లాడు వచ్చాడు, తరువాత అందరూ వచ్చారు. బట్టీ వాక్యం కోసం ఎవరూ ఎంచుకోని ఆ పాప తల్లి చీర వెనక నిలబడి ఉంది. తల్లిని కూడా కూర్చోమన్నాను.

"మీ అమ్మకు ఎనిమిది ఇవ్వమ్మా."

పాప నా వైపు, కోఆర్డినేటర్ వైపు చూసింది. మెల్లగా చేతులు ముందుకు తెచ్చింది. ఒక్కొక్క గింజే తీసి తల్లి అరచేతిలో పెట్టింది. ఎనిమిది కాగానే ఆగింది. తల్లి మళ్లీ తనే లెక్కపెట్టుకుంది. కూతురి తల మీద చెయ్యి వేసింది.

మర్నాడు ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, "అందరి ముందూ మా పరువు తీశారు," అన్నారు.

"పిల్ల పరువు తీసినప్పుడు మీకేం అనిపించలేదు కదండీ," అన్నాను. సాయంత్రానికల్లా నా ఉద్యోగం పోయింది.

కొన్నాళ్లకు మార్కెట్లో ఆ తల్లి కనిపించింది. పాపను గవర్నమెంటు బడిలో వేశానంది. ఇప్పుడెలా చదువుతోందని అడిగాను. "బాగానే ఉంది మేడమ్. టీచర్ అడిగితే మాత్రం లేచి నిలబడదు," అంది.

నాకు పామర్రులో ఒక చిన్న బడిలో పని దొరికింది. రోజూ బస్సులో వెళ్తూ పాత బడి గోడ మీద కొత్త ఫ్లెక్సీ చూస్తాను. నవ్వుతున్న పిల్లలు, గాజు గిన్నెలు, కింద 'అడ్మిషన్లు జరుగుచున్నవి' అన్న అక్షరాలు. పక్క సీటామె ఒకసారి, "మంచి స్కూలేనా అండీ? మా మనవరాలిని వేద్దామనుకుంటున్నాం," అంది. బస్సు పామర్రు చేరేదాకా చెబుతూనే ఉన్నాను.