తెర వెనక మైకు

నా చిన్నప్పుడు బేతంచెర్ల హైస్కూల్లో ఇంగ్లీషు చదవడమంటే గైడు బట్టీ పట్టడమే. అర్థం అడిగితే దెబ్బలు పడేవి, అడగకపోతే మార్కులు పడేవి. మేమంతా బండల గనుల్లో పనిచేసేవాళ్ల పిల్లలం. పరీక్ష హాలు దాటాక ఆ భాష మాకు అక్కరకొస్తుందని ఎవరూ అనుకోలేదు, నేను తప్ప. నాకు ఇంగ్లీషంటే పిచ్చి. పాఠంలోని పద్యాలను గిన్నెలు తోముతూ, నీళ్ల బిందె మోస్తూ పైకి చదివేదాన్ని. నాకేదో గాలి సోకిందని మా అమ్మ ఒకసారి ఉప్పుతో దిష్టి కూడా తీసింది.

పదో తరగతి ఇంగ్లీషు పుస్తకంలో ఒక నాటిక ఉండేది. ఉరిశిక్ష పడిన కొడుకు ముఖాన్ని ఒక్కసారి చూడనివ్వమని ఒక తల్లి జడ్జిని వేడుకుంటుంది. మా ఇంగ్లీషు సారు ఆ తల్లి మాటలను క్లాసులో అందరిచేతా చదివించాడు. నా వంతు అయ్యాక పుస్తకం మూసేసి, వార్షికోత్సవానికి ఈ నాటికే వేద్దాం, తల్లి వేషం నీదే అన్నాడు. ఆ చలికాలమంతా బడి వదిలాక వరండాలో నిలబెట్టి నేర్పాడు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో, ఏ మాట దగ్గర ఊపిరి తీసుకోవాలో ఓపిగ్గా చెప్పాడు. ఆయన నాకు నిజంగానే నేర్పాడు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మా నాయన గనిలో బండలు తీసే మనిషి. రాతి దుమ్ముతో అప్పటికే దగ్గు పట్టుకుంది. పది కాగానే నన్ను బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనికి పెట్టాలని ఆయన ఆలోచన. కర్నూలు హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతానని నేను ఏడ్చి, అన్నం మానేసి సాధిస్తే చివరికి ఒక మాటకు వచ్చాడు. "ఊరందరి ముందర నువ్వు నిలబడి ఇంగ్లీషు మాట్లాడు, పంపిస్తా. అంతమంది చూసినంక నేను కాదంటే నన్నే తిడతారు" అన్నాడు. అందుకని ఆ నాటిక నాకు నాటిక కాదు, కర్నూలు బస్సు.

ఆ పాలిష్ ఫ్యాక్టరీ సావుకారు కూతురిదీ మా క్లాసే. వార్షికోత్సవానికి షామియానా, మైకులు, కుర్చీలు అన్నీ సావుకారు పెట్టించినవే. తీరా రోజు దగ్గర పడ్డాక సారు నన్ను పక్కకు పిలిచాడు. వేషం సావుకారు కూతురు వేస్తుందట, నేను తెర వెనక నుంచి మాటలు చెప్పాలట. ఆ పిల్ల పెదవులు కదిలిస్తుంది. స్టేజి మీద కనిపించే మైకుకు వైరు ఉండదు, పలికే మైకు నా దగ్గర ఉంటుంది. నా ముఖం చూసి ఆయన మెత్తబడ్డాడు. "మీ ఊరి నాటకాల్లో తెర పక్కన గురువు కూచోడా? చివర్లో ఆయన్ని పిలిచి దండ వెయ్యరా? నిన్నూ అట్లే పిలుస్తాంలేమ్మా" అన్నాడు.

మా వైపు అది ఉన్న మాటే. పద్యనాటకం ఆడేటప్పుడు నేర్పిన గురువు హార్మోనియం ముందు పెట్టుకుని తెర పక్కనే కూర్చుంటాడు. వేషగాడు తడబడితే పద్యం అందిస్తాడు. మంగళం పాడే ముందు ఆయన్ని స్టేజి మధ్యకు పిలిచి, దండ వేసి, కొత్త పంచె పెడతారు. అది జరగకపోతే మా ఊళ్లో నాటకం ముగిసినట్టే కాదు, జనం లేవరు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న పద్ధతి గనక నేను నమ్మాను. దండ వేసేటప్పుడు నాయన చూస్తే నాకు అంతే చాలు.

ఆ సాయంత్రం తెర సందులోంచి తొంగి చూశాను. నాయన ఉతికిన చొక్కా వేసుకుని ముందు వరసలో, సావుకారు కుర్చీ పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. నేను మొదలుపెట్టాను. జనం కిక్కురుమనలేదు. కొడుకు ముఖం ఒక్కసారి చూపించమని తల్లి బతిమాలే చోట, ఒక్క ముక్క అర్థం కాకపోయినా, ఆడవాళ్లు కొంగులతో కళ్లు తుడుచుకున్నారు. నా జన్మలో అంత సంతోషం నేను మళ్లీ ఎరగను.

చప్పట్లు ఆగలేదు. ఎవరో దండ తెచ్చారు. నేను జడ సవరించుకుని తెర అంచు దగ్గర సిద్ధంగా నిలబడ్డాను. దండ సావుకారు కూతురి మెడలో పడింది. రెండో దండ ఉందని ఆశపడ్డాను. అది సారు మెడలో పడింది. తర్వాత వందన సమర్పణలో షామియానా కట్టినవాళ్లను, మంచినీళ్లు పోసినవాళ్లను కూడా పేరుపేరునా తలిచారు. జనగణమన మొదలైతే తెర వెనక ఒక్కదాన్నే అటెన్షన్‌లో నిలబడ్డాను.

అంతా అయ్యాక సారు వచ్చి మైకు వైరు చుట్టసాగాడు. పిలుస్తానన్నారు కదా సార్ అని అడిగాను. ఆయన నవ్వాడు. "పిలిచి ఏమని చెప్పాల? సావుకారు బిడ్డకు ఇంగ్లీషు రాదని చెప్పాల్నా? పో, ఇంటికి పో" అన్నాడు. ఆయన మెడలో దండ ఇంకా అలాగే ఉంది.

ఇంటికి పరిగెత్తాను. నాయనా, ఆ గొంతు నాది అని చెప్పాను. నమ్మడేమోనని ఆ తల్లి మాటలన్నీ మొదటి నుంచి చెప్పబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"నీ గొంతు నాకు తెలీదా పాపా? సావుకారు నన్ను ముందే పిలిపించినాడు. నువ్వు తెర యెనక ఉండేదానికి నేను ఒప్పుకుంటే, గనిలో నుంచి తీసి ఫ్యాక్టరీ గేటుకాడ కూచోబెడతానన్నాడు. నీడపట్టు పని."

మరి నా చదువు అన్నాను.

"ఊరందరికీ నువ్వు కనపడల్యా కదమ్మా" అన్నాడు. కోపంగా కూడా కాదు, దగ్గుకూ దగ్గుకూ మధ్య మామూలుగా అన్నాడు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి తల ఎత్తలేదు.

ఆ ఎండాకాలమే నేను ఫ్యాక్టరీలో చేరాను. పొద్దున్నే మాకు గేటు తీసేది మా నాయనే. ఆ ఆవరణలోనే ఉన్న ఇంట్లోంచి సావుకారు కూతురు కర్నూలు కాలేజీకి కారులో పోతుంటే తీసేదీ ఆయనే. ఆ గేటు పనే ఆయన్ని బతికించింది. ఆయనతో గనిలో దిగినవాళ్లంతా దగ్గి దగ్గి పోయాక కూడా ఆయన చాలా ఏళ్లున్నాడు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసినా నా కడుపుమంట చల్లారలేదు.

చివరి రోజుల్లో మంచం పట్టాక, ఒక మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ పొద్దు తెర యెనక నుంచి చెప్పినావే, ఆ ఇంగ్లీషు ఒకతూరి చెప్పు పాపా. నీ మొగం చూస్తా ఇనాలని ఉండాది."

మర్చిపోయినా నాయనా అన్నాను.

ఆయన సరేనన్నట్టు తల ఊపి గోడ వైపు తిరిగాడు. నేను ఒక్క మాట కూడా మర్చిపోలేదు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో, ఏ మాట దగ్గర ఊపిరి తీసుకోవాలో ఈ రోజుకీ నాకు గుర్తే. ఎవరడిగినా చెప్పను.