ప్రభుదాస్ వదిలేసిన పేరు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ చిరాకే. చింతచెట్టు కింద తెల్లచీర కనబడిందంటే, ఎవరి చీర, ఎవరు ఆరేశారు అని అడిగే రకాన్ని. కంప్యూటర్ నేర్పడం నా పని. తప్పు జరిగితే దానికి కారణం ఎక్కడో ఉంటుంది, ఓపిగ్గా వెతికితే దొరుకుతుంది అని పిల్లలకు రోజూ చెప్పేదాన్ని. ఇప్పటికీ అదే చెబుతున్నాను. ఒక్క విషయంలో మాత్రం ఎంత వెతికినా నాకే దొరకలేదు.

తొంభైల చివర్లో శంషాబాద్‌లో, బెంగళూరు రోడ్డు మీద, ఖాజా భాయ్ బట్టల దుకాణం పైన రెండు గదులు కిరాయికి తీసుకుని కంప్యూటర్ సెంటర్ నడిపాను. అప్పటికింకా విమానాశ్రయం రాలేదు. లారీలు, ద్రాక్షతోటలు, ఒంటినిండా దుమ్ము. ప్రభుదాస్ నా దగ్గరే నేర్చుకుని, నా దగ్గరే పాఠాలు చెప్పడానికి చేరాడు. చర్చి వెనక ఇల్లు. అమ్మానాన్నలు చిన్నప్పుడే పోతే అక్క రూతు సాకింది. ఆమె గల్ఫ్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు.

అక్కతో మాట్లాడటానికే వాడు చాటింగ్ పట్టుకున్నాడు. ఐఆర్‌సీ అనేవాళ్ళం. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టుకుంటూ, గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళు, వాళ్ళ ఇళ్ళవాళ్ళు కలుసుకునే చిన్న నెట్‌వర్క్ మాది. ఎవరి పేరు వాళ్ళకే ఉండేలా, పాస్‌వర్డ్ అడిగి కాపలా కాసే ప్రోగ్రాం ఒకటి ఉంటుంది, సర్వీసులు అంటారు. అది మా సెంటర్‌లోని కంప్యూటర్లో, ఫోన్ లైన్ మీద నడిచేది. ఎవరైనా నెలరోజులు రాకపోతే వాళ్ళ పేరు రద్దయిపోయేది.

గల్ఫ్‌వాళ్ళకు ఈ నెల గడువు కుదిరేది కాదు. క్యాంపు మారితేనో, డ్యూటీ మారితేనో నెలల తరబడి రాలేరు. తిరిగొచ్చి చూస్తే ఆ పేరుతో ఇంకెవరో కూర్చుని ఉండేవారు. అందుకని ప్రభుదాస్ సర్వీసులకు తగిలించే అదనపు మాడ్యూల్ ఒకటి రాశాడు. దూరాన ఉన్న మనిషి పేరును, అవసరం పడినప్పుడు, ఇక్కడున్న మనిషి ఒకరు తన పాస్‌వర్డ్‌తో రద్దు కాకుండా నిలిపి ఉంచొచ్చు. ఆ మాడ్యూల్‌కి 'ఇంటిమనిషి' అని పేరు పెట్టుకున్నాడు. రూతుకి ఇంటిమనిషి వాడే. వాడికంటూ ఇంటిమనిషి ఎవరూ లేరు. ఇంటి దగ్గరే ఉన్నాడు కదా, అవసరం లేదనుకున్నాడు.

ఆ ఏడు వానల్లో, రాజేంద్రనగర్ నుంచి స్కూటర్ మీద వస్తుంటే లారీ కొట్టింది. దవాఖానకు చేరేలోపే పోయాడు. రూతుకి సెలవు దొరకలేదు. సాకిన చేతులతో పిడికెడు మట్టి కూడా వేయలేకపోయింది.

తర్వాత ఆమె రోజూ మధ్యాహ్నం చాట్‌లోకి వచ్చేది. ఏమీ రాయదు. తిన్నావా, డ్యూటీకి పోతున్నావా అని నేనే అడిగేదాన్ని. ఒకరోజు మాత్రం నాకు రాసింది.

"అక్కా, తమ్ముని పేరు పోనియ్యకు. అది పోయిన్నాడు నా పేరు గూడ తీసెయ్. ఇగ నాకెవరున్నరు, ఎవరికోసం ఉండాలె."

పేరు తీసేయడమంటే ఆమె మనసులో ఏముందో నాకు అర్థమైంది. అంత దూరంలో ఉన్న మనిషిని ఎట్లా పట్టుకోను? నా చేతిలో ఉన్నది ఆ పేరొక్కటే. వాడి గడువు ఇంక రెండు మూడు రోజుల్లో తీరిపోతుంది.

మాడ్యూల్ ఎట్లా నడవాలో రాసి ఉండే కాన్ఫిగరేషన్ ఫైలులో, ఎప్పటికీ రద్దు చేయకూడని పేర్లకు ఒక లైను ఉంది. అందులో ప్రభుదాస్ పేరు చేర్చాను. పనిలో పనిగా ఫైలు కాస్త శుభ్రం చేశాను. అన్నిటికన్నా పైన 'స్తోత్రం' అని ఇంగ్లీషు అక్షరాల్లో ఒక మాట ఉంటే, దేనికీ సంబంధం లేనట్టుందని తీసేశాను. అంతే, మళ్ళీ నడిపితే మాడ్యూల్ మొరాయించింది. పేర్ల ఫైలు ఎక్కడుందో చెప్పలేదంటుంది. కళ్ళెదురుగా, మొదటి లైనులోనే చెప్పి ఉంది!

ఆ ఫైలుకు రాసిన దారి సరిచూశాను. దాన్ని తెరిచే అనుమతులు సరిచూశాను. లైను మొత్తం చెరిపి మళ్ళీ కొట్టాను. లాభం లేదు. గడువు మర్నాటితో తీరిపోతుందనగా, ఇక తప్పక, వాడు రాసిన ప్రోగ్రాం తెరిచి మొదటినుంచీ చదివాను. అందులో వాడు తనకోసం రాసుకున్న మాట కనబడింది. మొదటి లైను దేవుడిది, రెండో లైను నుంచి చదువు అని.

మా ఇళ్ళలో కాగితం మీద శ్రీ రాసుకుంటాం. చెరిపేస్తే లెక్కేమీ మారదు. వీడు మాత్రం దేవుడికి ఏకంగా ఒక లైను కేటాయించి, ప్రోగ్రాం దాన్ని దాటుకుని పోయేలా రాశాడు. నేను దేవుడి లైను తీసేసరికి, అసలు లైను దాటేసి పోతోందది. నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చేశాను.

స్తోత్రం తిరిగి పెట్టాను. సరిగ్గా అప్పుడే ఖాజా భాయ్ పైకొచ్చాడు.

"మేడమ్, జర ఫోన్ ఇస్తారా? మా బావను దవాఖానల చేర్పించిండ్రు, మస్తు పరేషాన్‌గ ఉంది."

ఫోన్‌కీ కంప్యూటర్‌కీ ఒకటే లైను. తీగ కంప్యూటర్ నుంచి పీకి ఫోన్‌కు పెట్టి ఇచ్చాను. ఆయన నా పక్కనే కుర్చీలో కూర్చుని మాట్లాడుతున్నాడు. ఈలోపు మాడ్యూల్ లేస్తుందో లేదో చూద్దామని, బయటి సంబంధమేమీ లేకుండానే సర్వీసులు నడిపాను. లేచింది. నిలిపిన పేర్లలో ప్రభుదాస్ పేరు చూపించింది. హమ్మయ్య అనుకుని చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను.

తెర మీద ఇంకో లైను వచ్చింది. ప్రభుదాస్ పాస్‌వర్డ్ సరిపోయింది అని.

దాని కింద ఇంకోటి. ప్రభుదాస్ పేరు, సొంతదారు కోరిక మీద, నిలిపిన పేర్లలోంచి తీసేయడమైనది. దాని కింద మరోటి. రూతు పేరు, ఇంటిమనిషి కోరిక మీద, నిలపడమైనది.

నా ముఖం ఎట్లా ఉందో, ఖాజా భాయ్ ఫోన్ చెవి నుంచి తీసి, "ఏమైంది మేడమ్, గట్లయిపోయిండ్రేంది?" అన్నాడు. తెర చూపించి ఏం వచ్చిందో చెప్పాను. ఆయన తెరను చూశాడు, తన చేతిలోని ఫోన్‌ను చూశాడు. "లైన్ నా దగ్గర్నే ఉంది గద," అన్నాడు నెమ్మదిగా.

ఆ తర్వాత నేను చేయని ఆలోచన లేదు. వాడు బతికుండగా చేసిన కోరిక ఎక్కడో ఇరుక్కుని, మాడ్యూల్ లేవగానే బయటపడిందేమో అనుకున్నాను. రూతు పేరు వరకైతే అదే అనుకుని ఊరుకునేదాన్ని. కానీ ఆ జాబితాలో వాడి పేరు చేర్చింది నేను, వాడు పోయిన తర్వాత. లేని పేరును తీసేయమని ముందే ఎట్లా అడుగుతాడు? పాస్‌వర్డ్ నాకు తెలియదు, రూతుకీ తెలియదు. ఆ కంప్యూటర్‌కి ఉన్నది ఒకటే కీబోర్డు, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

పేరు మళ్ళీ చేర్చడం ఒక నిమిషం పని. వేళ్ళు కీబోర్డు మీదికి పోయాయి. వద్దన్న మనిషిని పట్టి ఉంచినట్టనిపించి, కొట్టలేకపోయాను.

ఖాజా భాయ్ మాట్లాడటం అయ్యాక లైను కలిపాను. రూతు చాట్‌లోనే ఉంది. దాచకుండా అంతా రాశాను. రాస్తున్నంతసేపూ భయంగానే ఉంది, ఈమె ఇప్పుడేం చేసుకుంటుందో అని. ఆమె జవాబు వచ్చింది.

"వాడు గంతే అక్కా. చిన్నగున్నప్పుడు గూడ తన పళ్ళెంల కూర నాకేసి, నాకు ఆకలైతలేదు అనేటోడు."

మళ్ళీ కాసేపటికి, "నేను డ్యూటీకి పోతున్న," అని రాసి వెళ్ళిపోయింది.

మర్నాడు వాడి పేరు రద్దయింది. రూతును వేరే ఊరి ఆసుపత్రికి మార్చారు. నెలల తరబడి ఆమె జాడ లేదు. ఆ రోజుల్లో నేను సరిగ్గా నిద్రపోలేదు. ఒక మధ్యాహ్నం చాట్‌లోకి వచ్చింది, అన్నాళ్ళూ రద్దు కాకుండా నిలిచిన తన పేరుతోనే.

అది ఎవరు చేశారో ఈనాటికీ నాకు తెలియదు. దయ్యాలున్నాయని ఇప్పటికీ ఒప్పుకోను. రూతు బతికి ఉంది, అది చాలు అనుకుంటాను. కానీ ఒంటరిగా ఉన్నప్పుడు, కీబోర్డు మీద ఆగిపోయిన నా వేళ్ళు గుర్తొస్తాయి. అంత దూరం నుంచి వచ్చినవాణ్ణి, ఒక్క మాటైనా అడగకుండా పంపేశాను.